మా జీపుకి టర్బో వేసిన కథ

మా అయ్య జీపు కొన్నది 2001లో. అప్పటికే అది పాతది. కింద మైదానంలో ఎవరో ఏడెనిమిదేళ్లు వాడి వదిలేసిన మహీంద్రా కమాండర్. రెండేళ్ల కాఫీ డబ్బులు, మిరియాల డబ్బులు, అమ్మ వెండి కడియాలు, అన్నీ కలిస్తే ఆ జీపు వచ్చింది. అది వచ్చిన సాయంత్రం ఊరు ఊరంతా మా గుమ్మం ముందే ఉంది. ముసలమ్మలు దానికి పసుపు రాశారు. అంతకుముందు మా ఊళ్లో మనిషికి జబ్బు చేస్తే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకుపోవడమే. అందుకే అది మా ఇంటి బండి అని మేమెప్పుడూ అనుకోలేదు. ఊరి బండి, మేం డీజిలు పోస్తాం, అంతే.

నాకు ఆ ఏడే భీమిలి డైట్‌లో సీటు వచ్చింది. నా ట్రంకుపెట్టె ఆ జీపు మీదే కొండ దిగింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఆ జీపు విషయంలో నేను చేసిన పని నా చదువుకి సంబంధించినది. చదువు లేక చేసిన తప్పు కాదు. సగం చదువుతో చేసింది.

పాడేరు ఘాటు ఎక్కినవాళ్లకి మా జీపు కష్టం చెప్పక్కర్లేదు. దానిలో ఉన్నది 2112 సీసీ పూజో డీజిలు ఇంజను. కొత్తగా ఉన్నప్పుడు అరవై గుర్రాల బలం అని చెప్పేవారు. మా దగ్గరకి వచ్చేసరికి వాటిలో ఎన్ని గుర్రాలు బతికున్నాయో మోదకొండమ్మ తల్లికే తెలియాలి. పది మందిని, నాలుగు బస్తాలను ఎక్కించుకుంటే మొదటి గేరు తప్ప రెండోది పడేది కాదు. మలుపు దగ్గర ఆగిపోతే వెనక వేలాడే కుర్రాడు దూకి చక్రం కింద రాయి పెట్టేవాడు. మగవాళ్లంతా దిగి నడిచేవారు. రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మేది. పొగ మాత్రం నల్లగా, దట్టంగా, వెనక వచ్చే బస్సువాళ్లు తిట్టుకునేంతగా వచ్చేది.

2009లో అయ్యకి మోకాళ్లు పట్టేసి తమ్ముడు బండెక్కాడు. వాడు పదో తరగతి దాటలేదు గానీ ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు. 2012 దీపావళి తర్వాత ఒకరోజు బడికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పి, పిల్లలంతా చూస్తుండగా, "అక్కా, టర్బో ఇంజను ఏయిద్దాం" అన్నాడు.

ఏటి, ఎంతవుతుంది అని అడగాల్సిందాన్ని, ఎందుకు, ఎలా పనిచేస్తుంది అని అడిగాను. టీచర్ల జబ్బు అది. వాడికి తెలిసింది వాడు చెప్పాడు, మిగతాది నేను చదువుకున్నాను. ఆ నెల రోజులూ నాకు ఎంత ఉషారుగా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. మా తరగతి పిల్లలకి కూడా ఆ పాఠం చెప్పేశాను. మీకూ చెప్తాను, ఎందుకంటే పాఠం తప్పు కాదు.

ఇంజనుకి డీజిలు తిండి అయితే గాలి ఊపిరి. తిండి ఎంత పెట్టినా ఊపిరి చాలకపోతే అరగదు. అరగని డీజిలే నల్లపొగై బయటికొస్తుంది. పైగా మన కొండ మీద గాలి పలచన. సముద్రం ఒడ్డున విశాఖలో ఉన్న గాలితో పోలిస్తే, మూడువేల అడుగుల ఎత్తున ఉన్న పాడేరులో అదే గుప్పెడు గాలిలో సరుకు దాదాపు పదోవంతు తక్కువ. అంటే ఎక్కడ బలం ఎక్కువ కావాలో అక్కడే ఇంజనుకి ఊపిరి తగ్గుతుంది.

మా పక్క ఊళ్లో కమ్మరి ఉండేవాడు. బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. టర్బో అంటే ఇంజనుకి తిత్తి. కాకపోతే కొలిమి తిత్తికి ఒక మనిషి కావాలి. దీనికి మనిషి అక్కర్లేదు. ఇంజను వదిలేసే వేడి పొగే పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. పారేసే పొగతోనే ఊపిరి తెచ్చుకోవడం. ఈ ఉపాయానికి ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకో కథ. మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో విమానాలు పైకి ఎగిరేకొద్దీ ఇంజన్లు నీరసపడేవి. శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికా ఇంజనీరు టర్బో పెట్టిన విమానం ఇంజనును 1918లో కొలరాడోలోని పైక్స్ పీక్ అనే కొండ మీదికి ట్రక్కులో ఎక్కించాడు. ఆ కొండ ఎత్తు 14,000 అడుగుల పైచిలుకు. కింద 350 గుర్రాల బలం ఇచ్చిన ఇంజను కొండ మీద టర్బో లేకుండా 230కి పడిపోయింది. టర్బో పెడితే మళ్లీ 350 దాటింది. అంటే ఇది మొదట్లో పందెం కార్ల కోసం పెంచిన వస్తువు కాదు. పలచని గాలిలో ఊపిరాడని ఇంజనుకి పనికొస్తుందా లేదా అని కొండ మీదే తేల్చుకున్న వస్తువు. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరే, ఇది కొండోళ్ల కోసం చేసిందేరా" అన్నాను. వాడు, "నాను సెప్తే నమ్మనేదు గదక్కా" అని నవ్వాడు.

అరవై వేలు నా జీతం మీద అప్పు తీసి ఇచ్చాను. మిగతాది వాడు చూసుకున్నాడు.

పాత బండికి టర్బో రావాలంటే దారులు రెండు. ఉన్న ఇంజనుకే టర్బో బిగించడం ఒకటి. దానికి పొగ గొట్టం మార్చాలి, టర్బో ఇరుసుకి ఇంజనాయిలు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి వేయాలి, డీజిలు పంపు సర్దాలి. అంతా చేసినా, టర్బో లేకుండా నడవాలని పుట్టిన పాత ఇంజనులో పిస్టన్లు, హెడ్డు గాస్కెట్టు ఆ ఒత్తిడికి నిలబడతాయన్న నమ్మకం లేదు. ఆ రకం పూజో ఇంజన్లు గాలిని ముందే బాగా నొక్కి మండిస్తాయి. వాటిలోకి ఇంకా గాలి తోయడమంటే నిండు కుండ మీద కుండ పెట్టడమే. రెండో దారి, టర్బోతోనే పుట్టిన ఇంజనును గేరుబాక్సుతో సహా తెచ్చి పాతదాని స్థానంలో కూర్చోబెట్టడం. తమ్ముడు రెండోదే మంచిదన్నాడు. అందులో వాడి తప్పేమీ లేదు.

బెజవాడ ఆటోనగర్‌లో బొలెరో ఇంజను దొరికింది. 2523 సీసీ, టర్బోది. ఒక విషయం అప్పుడు నాకు వింతగా తోచింది. కాగితం మీద గుర్రాల లెక్క చూస్తే పాత ఇంజనుకీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా లాగే బలంలో ఉంది. అది దాదాపు ఒకటిన్నర రెట్లు, అదీ తక్కువ రౌండ్లలోనే అందుతుంది. పాతది గొంతు చించుకుని అరిస్తే గానీ లాగేది కాదు. ఇది మెల్లగా తిరుగుతూనే లాగుతుంది. ఈ తేడాలోనే మా గండం ఉందని ఆ రోజు నాకు తట్టలేదు. అది తర్వాత చెప్తాను.

మైదానంలో ఒక షెడ్డులో పని జరిగింది. ఇంజను కూర్చునే దిమ్మలు కోసి మళ్లీ వెల్డింగు చేశారు, రేడియేటరు పెద్దది వేశారు, పొగ గొట్టం మార్చారు. పదకొండు రోజులు పట్టింది. బండి ఇచ్చేటప్పుడు షెడ్డాయన తమ్ముడికి ఒక్క జాగ్రత్త చెప్పాడు: ఆపగానే తాళం తిప్పేయకు, ఒక నిమిషం ఊరికే తిరగనివ్వు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు పైబడి తిరుగుతుంది. ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజను ఠక్కున ఆపితే ఆయిలు రావడం ఆగుతుంది, ఇరుసు వేడిగా, పొడిగా తిరుగుతుంది. ఉన్న కాస్త ఆయిలూ మాడి మసవుతుంది. మా అమ్మకి ఇది బాగా నచ్చింది. కొండెక్కొచ్చిన ముసలాయన అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నట్టుంది అనేది. ఎవరైనా దిగగానే తలుపు గట్టిగా వేస్తే, "ఉండండర్రా, దానికింకా ఊపిరి తిరగలేదు" అని గదమాయించేది.

ఆ ఏడాది మా ఊరి సంబరం చెప్పలేను. జీపు మూడో గేరులో ఘాటెక్కేది. నల్లపొగ పోయింది. రాయి పెట్టే కుర్రాడికి పని లేకుండా పోయింది. టర్బో సన్నగా ఈల వేసేది. రెండు మలుపుల అవతల నుంచే పిల్లలు "మావయ్య జీపు" అని అరిచేవారు. 2013 ఇటుకల పండగకి మా ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ వచ్చేపోయే బండ్లని ఆపి డబ్బులు అడుగుతున్నాం. ఈల వినపడగానే మా పిన్ని, "మనోడే, దుంగ తియ్యకండి, రెండింతలు అడగండి" అంది. తమ్ముడు దిగి, జేబులో ఉన్నదంతా మా కొంగులో పోసి, మాతో కలిసి నాలుగడుగులు ఆడి వెళ్లాడు. ఒక రాత్రి కాన్పు కష్టమైన పిల్లను వాడు నలభై నిమిషాల్లో పాడేరు ఆసుపత్రికి చేర్చాడు. ఆ బిడ్డ ఇప్పుడు నా బడిలోనే చదువుతున్నాడు. పాత ఇంజను ఉంటే చేరేవాళ్లు కాదని ఊళ్లో అందరూ అంటారు. నేనూ అదే అనుకుంటాను. అందుకే ఈ కథలో ఎవరైనా "టర్బో పెట్టడమే తప్పు" అంటే నేను ఒప్పుకోను.

కానీ బండి బాగా లాగుతోంది కదా అని పదిమంది ఎక్కే చోట పద్నాలుగు, తర్వాత పద్దెనిమిది మంది ఎక్కారు. నాలుగు బస్తాలు ఎనిమిదయ్యాయి. బలవంతుడికి బరువెక్కువ. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎక్కేవాళ్లంతా మనవాళ్లే, ఎవరిని దించుతాం?

2014 మార్చిలో, పసుపు బస్తాలతో, చోడవరంలో పెళ్లికి వెళ్లే మనుషులతో జీపు ఘాటు దిగుతోంది. అమ్మవారి పాదాల దగ్గర ఆపి దండం పెట్టుకున్నారు. అక్కడ ఆగని బండి ఉండదు కదా. దాని తర్వాత కొన్ని మలుపులు దిగాక బ్రేకు పెడలు మెత్తబడింది. ఇంకో మలుపుకి నేలకి తగిలింది. ఒకటికి రెండుసార్లు తొక్కినా పట్టలేదు. గేరు తగ్గించబోతే పడలేదు. ఒకవైపు లోయ, ఒకవైపు కొండ. తమ్ముడు బండిని కొండకేసి రాశాడు. రాతికి ఒరుసుకుంటూ ముప్పై నలభై అడుగులు పోయి మురుగు కాలవలో వాలి ఆగింది.

ఎవరూ పోలేదు. ఈ మాట ముందే రాసి ఉండాల్సింది. మా పెద్దమ్మ వరసావిడ కాలు రెండు చోట్ల విరిగింది, విశాఖ పెద్దాసుపత్రిలో రాడ్డు వేశారు. ఇప్పటికీ కొండ ఎక్కలేదు. ఇద్దరు కుర్రాళ్లకి చేతులు విరిగాయి. తమ్ముడికి స్టీరింగు గుద్దుకుని పక్కటెముకలు చిట్లాయి. నాకు బళ్లో ఉండగా కబురొచ్చింది. నేను వెళ్లేసరికి రోడ్డంతా పసుపు. బస్తాలు పగిలి, కాలవలో నీళ్లు కూడా పసుపే. పెళ్లికి తయారైన ఆడపిల్లలు ఆ పసుపులో కూర్చుని ఏడుస్తున్నారు.

ఊళ్లో మొదట ఇంజను మీదే పడ్డారు. దెయ్యం ఇంజను, ఎవరో చచ్చిన బండిలోది తెచ్చారు అన్నారు. అసలు సంగతి చెప్పింది కింద ఊళ్లో ఉండే పాత మేస్త్రి. ఆయన ఒక బస్సు డిపోలో చేసి రిటైరైన మనిషి. జీపు కింద పడుకుని గంటసేపు చూశాడు. వెనక చక్రం డ్రమ్ము విప్పి నా చేతికిచ్చాడు. లోపల ఇనుము నీలంగా మారి ఉంది. షూలు మాడి అద్దంలా మెరుస్తున్నాయి.

"టీచరమ్మా, ఇంజను కొన్నారు, బ్రేకు కొన్లేదు" అన్నాడు.

అప్పుడాయన చెప్పినదాన్ని నేను ఇంటికొచ్చి లెక్క వేశాను. మనుషులతో, బస్తాలతో ఆ జీపు రెండున్నర టన్నులనుకోండి. 600 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఆ దిగడంలో వదిలించుకోవాల్సిన శక్తి మూడు బిందెల నీళ్లు, అంటే 45 లీటర్ల చన్నీళ్లు మరిగించేంత వేడి. ఎక్కేటప్పుడు ఆ పని ఇంజనుది. దిగేటప్పుడు ఆ వేడి ఎక్కడికో పోవాలి. టర్బో ఉన్నా లేకపోయినా దిగేటప్పుడు లెక్క అదే, బరువు పెరిగితే లెక్క పెరుగుతుంది. మా బ్రేకులు మాత్రం పాత జీపుతో వచ్చినవే. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే.

మామూలుగా ఆ వేడిలో పెద్ద భాగం ఇంజనే మింగాలి. చిన్న గేరులో దిగితే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. మా అయ్య ఎప్పుడూ రెండో గేరులోనే దిగేవాడు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు" అనేవాడు. కొత్త ఇంజనుతో ఆ సూత్రం తిరగబడింది. జీపు ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది, కాబట్టి మూడో గేరులోనే దిగడం మొదలుపెట్టాడు తమ్ముడు. ఇంకా పెద్ద సంగతి, పాత ఇంజను ఎక్కువ రౌండ్లు తిరగగలిగేది, కొత్తది తిరగలేదు. వెనక ఇరుసులో క్రౌను పళ్లు మాత్రం పాతవే, పాత ఇంజను రౌండ్లకి తగ్గట్టు పెట్టినవి. అందుకని రెండో గేరులో దిగితే కొత్త ఇంజను మరీ అరిచేది. టర్బో ఏమైపోతుందో అని తమ్ముడు దాన్ని కాపాడుకుంటూ పెద్ద గేరులోకి వేసేవాడు. పని మొత్తం బ్రేకుల మీద పడింది. తక్కువ రౌండ్లలో లాగే బలం అని నేను మురిసిపోయానే, దాని రెండో వైపు ఇదీ. బ్రేకు బూస్టరుకి కావాల్సిన వాక్యూమ్ పంపు కూడా అరిగిపోయి ఉందట. పెట్రోలు బండ్లలో ఇంజను పీల్చే దారిలోనే ఆ వాక్యూమ్ దొరుకుతుంది. డీజిలు వాటిలో దొరకదు, విడిగా పంపు కావాలి. ఇంజను కొనేటప్పుడు ఎవరమూ దాన్ని చూడలేదు.

డ్రమ్ము ఎందుకు పట్టలేదో మేస్త్రి చెప్తుంటే నా చెవులు వేడెక్కాయి. "వేడెక్కితే డ్రమ్ము సాగుద్దమ్మా. షూ ఎంత తెరుచుకున్నా అందదు. కాలు కిందికెల్లిపోద్ది" అన్నాడు.

వేడికి లోహం వ్యాకోచిస్తుంది. గోళం, వలయం. చల్లగా ఉన్నప్పుడు వలయంలోంచి దూరే గోళం, వేడి చేస్తే దూరదు. డైట్‌లో ఉండగా ఆ బోధనోపకరణం నేనే తయారు చేశాను, సైకిలు బేరింగు గోళీతో, ఇనుప తీగ చుట్టతో. మా లెక్చరరు మెచ్చుకుని అల్మారాలో పెట్టించారు. అప్పటి నుంచి ఏటేటా ఆ పాఠం చెప్తున్నాను. వలయాన్ని వేడి చేస్తే ఏమవుతుంది అని పిల్లల్ని అడుగుతాను కూడా. పెద్దదవుతుంది టీచర్ అంటారు. బ్రేకు డ్రమ్ము వలయమే. టర్బో గురించి పైక్స్ పీక్ దాకా వెళ్లిన నాకు, తమ్ముడి కాలి కింద ఉన్న ఆ వలయం గుర్తుకు రాలేదు. వాడు ఎక్కడం గురించి అడిగాడు, నేను ఎక్కడం గురించే చదివాను.

బీమా దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి. జీపుకి జరిగిన నష్టానికి పైసా రాదన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అప్పుడు చదివాను, అన్నీ అయ్యాక. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందే రిజిస్ట్రేషను అధికారి అనుమతి ఉండాలి, మార్చాక ఆర్సీలో రాయించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదని గట్టిగా చెప్పింది. ఇంత ఘాటులో, ఇన్ని సంతల్లో, ఇంజన్లు మారిన జీపులు ఎన్ని తిరుగుతున్నాయో మనందరికీ తెలుసు. షెడ్డులో ఎవరూ చట్టం గురించి చెప్పరు, మనమూ అడగం. అడిగితే పని కాదేమోనని భయం.

పెద్దమ్మ వాళ్లు కేసు పెట్టలేదు. ఊరి పెద్దలు చింతచెట్టు కింద కూర్చుని తేల్చారు. ఆసుపత్రి ఖర్చు మాది, రెండేళ్లు వాళ్ల పొలం దున్నే పని తమ్ముడిది. తమ్ముడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నా అరవై వేల అప్పు నాలుగేళ్లు నా జీతంలోంచి పోయింది. డబ్బు కన్నా, పెద్దమ్మ నన్ను చూసి, "నువ్వు సదివి సెప్పినావు కదా, బాగుంటదనే ఎక్కినాం" అనడం ఎక్కువ బాధపెట్టింది. ఆవిడ దెప్పడానికి అనలేదు. మామూలుగానే అంది.

చివరికి జీపుకి మొదట ఉన్న రకం ఇంజనునే, రీబోరు చేసింది, అనుమతి తీసుకుని వేయించాం. నంబరు ఆర్సీలో ఎక్కించాం. ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరగాల్సి వచ్చింది. బ్రేకులు మొత్తం కొత్తవి. జీపు మళ్లీ మొదటి గేరుకి వచ్చింది, పొగ కాస్త తగ్గింది. పది మందే, నాలుగు బస్తాలే. పాదాల దగ్గర దండం పెట్టుకున్నాక తమ్ముడు ఒక్కో చక్రం దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి వేడి చూస్తాడు. వేడిగా ఉంటే పావుగంట ఆగుతాడు. తొందరున్నవాళ్లు నీళ్లు పోసెయ్యమంటారు. కాలిన డ్రమ్ము మీద చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగులుతుందని మేస్త్రి చెప్పాడు, అందుకని పోయనివ్వడు.

టర్బో ఇంజను మా పశువుల పాక పక్కన గోనెపట్టా కప్పుకుని ఏడాది పడి ఉంది. అమ్మకుండా ఉంచుకునే స్తోమత మాకు లేదు. పక్క మండలం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్ల నాన్న జీపు కూడా మాలాంటిదే. వాడు ఇంజను చుట్టూ తిరిగి, టర్బో చక్రాన్ని వేలితో తిప్పి చూసి నవ్విన తీరు, అచ్చం మా తమ్ముడు బడి గుమ్మంలో నిలబడి నవ్వినట్టే ఉంది. అమ్మొద్దని నా నోటి దాకా వచ్చింది. ఆసుపత్రి అప్పు ఇంకా ఇరవై వేలు ఉంది. అమ్మాం.

డబ్బులు లెక్కపెట్టుకున్నాక వాడికొక కాగితం రాసిచ్చాను. ముందు రవాణా ఆఫీసులో అడుగు, వాళ్లు కాదంటే ఈ ఇంజను వేరేవాళ్లకి అమ్మేసుకో. బ్రేకులు ముందు, ఇంజను తర్వాత. వాక్యూమ్ పంపు అరిగింది, మార్చు. క్రౌను సంగతి మేస్త్రిని అడుగు. దిగేటప్పుడు చిన్న గేరు. మనుషులు పది మందే. బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో రాశాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రెండేళ్ల తర్వాత అరకు సంతలో ఈల వినపడింది. తిరిగి చూస్తే వాడి జీపు. జనం నిండా ఉన్నారు. నన్ను చూసి ఆపి, కిందికి దిగి, "బాగున్నారా టీచరమ్మా" అన్నాడు. ఇంజను ఆపలేదు. అది ఊపిరి తీసుకుంటోంది.

"కాగితం చదివావా బాబూ?" అన్నాను.

"చదివానమ్మా. పంపు మార్చేశాను. వెనక బ్రేకులు కూడా కొత్తవే. ముందువి మిరియాలు అమ్మాక ఏయిస్తాను" అన్నాడు.

"ఆఫీసులో అడిగావా?"

తల గోక్కున్నాడు. వెనక కూర్చున్నవాళ్లు హారను కొట్టమని డ్రైవరు సీటు మీదికి వంగుతున్నారు. నేను తలలు లెక్కపెట్టాను. పదమూడు. వాడు నా చూపు గమనించాడు.

"పాడేరులో ముగ్గురు దిగిపోతారమ్మా" అన్నాడు.